క్యాండిడ్ డస్టింగ్ పౌడర్ రివ్యూ: తామరకి ఇదొక్కటే చాలదు

మెడికల్ షాపులో "దురదకి పౌడర్ ఇవ్వండి" అంటే తరచుగా చేతికొచ్చే డబ్బాల్లో గ్లెన్‌మార్క్ వారి క్యాండిడ్ ఒకటి. ఇందులో మందు ఫంగస్‌ని అణిచే క్లోట్రిమజోల్, 1 శాతం. అంటే 100 గ్రాముల పొడిలో అసలు మందు 1 గ్రాము. మిగతాది తడి పీల్చే పొడి. అదీ తక్కువదేం కాదు, ఫంగస్ బతికేదే చెమట తడి మీద.

చిక్కు ఎక్కడంటే, పొడి చర్మం పైనే ఉండిపోతుంది. తామర తెచ్చే ఫంగస్ ఉండేది చర్మం పైపొర లోపల. అక్కడికి క్రీమ్ ఇంకినట్టు పొడి ఇంకదు. అందుకే కాలివేళ్ల సందులు పాసిపోయేవాళ్లకి, చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో ఒరుసుకుపోయేవాళ్లకి, తగ్గిన తామర మళ్లీ రాకుండా చూసుకునేవాళ్లకి దీనికి మంచి మార్కులే వేయొచ్చు. అంచు లేచి గుండ్రంగా పాకుతున్న తామరకి పౌడర్ ఒక్కటే వాడితే మాత్రం పాస్ మార్కులు కూడా కష్టం. అక్కడ క్రీమే మందు, పౌడర్ దానికి తోడు. గోళ్లకి, తలలో తామరకి పౌడర్ దండగ, వాటికి సాధారణంగా డాక్టరు రాసే మాత్రలు కావాలి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి అయ్యుండొచ్చు. గజ్జికి కారణం పురుగు, ఫంగస్ కాదు. డబ్బా మొత్తం చల్లినా లాభం లేదు.

వాడే పద్ధతిలోనే ఎక్కువ తేడా వస్తుంది. కడిగి, మెత్తటి బట్టతో అద్ది, ఫ్యాన్ కింద ఐదు పది నిమిషాలు ఆరనివ్వాలి. తడి చర్మం మీద చల్లితే పొడి ముద్దకట్టి, నడుస్తున్నప్పుడు ఇసుకలా రాసి చర్మాన్ని ఇంకా ఒలిచేస్తుంది. డబ్బాని ఒంటి మీదకి దులపకుండా, ముఖానికి దూరంగా అరచేతిలో కొద్దిగా పోసుకుని పల్చగా రాయాలి. మచ్చ అంచు దాటి ఒక అంగుళం మేర పడాలి. రోజుకి రెండు సార్లు చాలు. కాళ్లకైతే సాక్సుల్లో, బూట్లలో కూడా కాస్త చల్లాలి. చివర్న చేతులు కడుక్కోవాలి. క్రీమ్ పూసిన వెంటనే పైన పౌడర్ చల్లడం చాలామంది చేసే పని, రెండూ కలిసి పేస్టు అవుతాయి. రాత్రి క్రీమ్, పొద్దున స్నానం అయ్యాక పౌడర్ పెట్టుకుంటే తేలిక.

నాలుగైదు రోజుల్లో దురద తగ్గగానే డబ్బా అటకెక్కిస్తారు. తామర తిరగబెట్టేది ఇందుకే. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు మందు ఆపకూడదు. గజ్జల్లో రెండు వారాలకి, కాళ్లకైనా ఒంటి మీదైనా నాలుగు వారాలకి తగ్గకపోతే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంకో జాగ్రత్త పేరు దగ్గర. క్యాండిడ్ పౌడర్ వేరు, క్యాండిడ్-బి క్రీమ్ వేరు. ఆ 'బి' బెక్లోమెథసోన్, అంటే స్టెరాయిడ్. ఏ ట్యూబు మీదైనా బెక్లోమెథసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే డాక్టరు చెప్పకుండా పూయొద్దు. ఎరుపు, దురద ఒక్కరోజులో మాయమైనట్టుంటాయి, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది. నెలల తరబడి వాడితే గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి పోవు.

రసి కారే పుండు మీద, పగుళ్ల మీద, ఆడవాళ్ల జననాంగాల లోపల ఈ పొడి వేయకూడదు. పసిపిల్లలకి డాక్టరు చెప్తేనే వాడాలి, గాల్లోకి లేచిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లు కాలి సందుల్లో పగులు కనిపిస్తే సొంత వైద్యం మానాలి. మడతల్లో ఈ పాసిపోవడం మాటిమాటికీ వస్తుంటే, షుగర్ లేదనుకునేవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

పౌడర్ సరిగ్గానే వాడుతున్నా నడుము చుట్టూ తగ్గడం లేదా? మొలతాడు చూడండి. స్నానం తర్వాత గంటలకొద్దీ తడిగా ఉండి, ఫంగస్‌ని అక్కడే దాస్తుంది. తగ్గేదాకా తీసేయడమే మేలు. బిగుతుగా కట్టే లంగా బొందుదీ ఇదే కథ. తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉండాలి. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు లోట్రిమిన్ ఏఎఫ్ కొంటే వెనక లేబుల్ చదవాలి. అదే పేరుతో వచ్చే పౌడర్‌లో మైకోనజోల్ 2 శాతం, క్రీమ్‌లో క్లోట్రిమజోల్ 1 శాతం ఉంటాయి. రెండూ తామరకి పనికొస్తాయి. అక్కడ డాక్టరు చీటీ మీద ఇచ్చే నిస్టాటిన్ పౌడర్ మిగిలి ఉంది కదా అని తామరకి చల్లితే మాత్రం ఫలితం ఉండదు, అది క్యాండిడా అనే వేరే రకం ఫంగస్ మీదే పనిచేస్తుంది.