కడిగిన రూపాయిని యూఎన్సీ (అసలు చేతులు మారని కొత్త కాయిన్) అని అంటగడతన్నారు, కాయిన్లు కొనేవాళ్లు జాగ్రత్త

అన్నలూ, నెల్లూరు, ఒంగోలు వైపు పాత కాయిన్లు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగి చదవండి, పోయిన నెల నాకు 9,500 బొక్క పడింది.

వాట్సాప్ గ్రూపులో ఒకాయన 1911 నాటి జార్జ్ రాజు బొమ్మ వెండి రూపాయి పెట్టాడు. అదే, పంది రూపాయి అంటారే, రాజు అంగీ మీద ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలాగా ఉందని గొడవైతే గవర్నమెంటోళ్లు వెనక్కి తీసుకున్నారు, 1912లో ఏనుగుని సరిచేసి కొట్టారు. నాకు ఎప్పట్నించో దాని మీద కన్ను. "అన్నా, పక్కా యూఎన్సీ, ఒక్క చెయ్యి కూడా మారలా" అన్నాడు. నెల్లూరు ఆర్టీసీ బస్టాండు దగ్గర టీ కొట్లో, చీకటి పడ్డాక ట్యూబ్‌లైటు కింద చూపించాడు. తెల్లగా తళతళలాడతా ఉంది, నేను మురిసిపోయి ఫోన్‌పే కొట్టేశా. వందేళ్లు దాటిన వెండి నిన్న తోమిన గిన్నెలాగా ఎందుకుందా అని అప్పుడు బుర్రకి తట్టలా.

మర్నాడు పెద్దబజార్లో తెలిసిన ఆచారి దగ్గర తూకం వేయిస్తే 11.6 గ్రాములొచ్చింది, ఉండాల్సింది 11.66, వెండి కూడా సరైందే. అంటే కాయిన్ ఒరిజినలే, కండిషనే అబద్ధం. అందుకే తొందరగా దొరకరు వీళ్లు.

ఒంగోల్లో మా బాబాయి ముప్పై ఏళ్లుగా పోగేస్తన్నాడు, ఆయన టేబుల్ లైటు కింద పెట్టి పది రెట్ల లెన్సుతో చూడమన్నాడు. కాయిన్‌ని మెల్లగా వాల్చి తిప్పితే యూఎన్సీలో వెలుగు చక్రంలాగా గుండ్రంగా తిరగాలంట, నా దాంట్లో వెలుగు కదలకుండా అద్దం ముక్కలాగా కొడతా ఉంది. లెన్సులో అయితే చూడాలి, మొహం మీద, ఖాళీ జాగాలో వెంట్రుకల్లాంటి సన్న గీతలు, అన్నీ ఒకే వైపుకి, బిందెని పీచుతో రుద్దితే పడేలాంటివి. అక్షరాల సందుల్లో తెల్లటి పొడి ఇరుక్కోనుంది, టూత్‌పేస్టే అయ్యుంటది. కిరీటం, కనుబొమ్మ, చెవి, ఈ ఎత్తుగా ఉండేవే ముందు అరుగుతాయి. ఏనుగు ఒంటి మీద గీతలు నున్నగా పొయ్యాయి, దాని కోసమే కదా కొనింది నేను! బాబాయి లెక్కన అది వీఎఫ్ (కొంత అరిగిన కాయిన్లకిచ్చే గ్రేడు), కడిగిన వీఎఫ్. దానికి పైనుండే ఎక్స్ఎఫ్ కూడా కాదు, ఇంక యూఎన్సీ ఊసెక్కడిది. కాయిన్లకి గ్రేడ్ ఇచ్చే కంపెనీలు ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటోళ్లకి పంపితే 70 వరకు ఉండే గ్రేడు స్కేలులో నంబరే ఇవ్వరంట, 'డీటైల్స్, క్లీన్డ్', అంటే కడిగిందని రాసి పంపిస్తారంట.

(నిజం చెప్పాలంటే చిన్నప్పుడు మా అవ్వ దాచిన ఎడ్వర్డ్ రూపాయిని నేనే పళ్లపొడితో రుద్దా. అప్పుడు మా అవ్వ కూడా మెచ్చుకునింది.)

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "వెండి కదన్నా, కడిగితే తప్పేంది, అందరూ కడిగే అమ్మతారు" అన్నాడు, సాయంత్రానికి బ్లాక్.

కాబట్టి ఫోటో చూసి డబ్బులు వెయ్యొద్దు. కాయిన్ వాల్చి తిప్పతా పగటి వెలుగులో వీడియో తీసి పంపమనండి, అంచు కూడా చూపించమనండి, ఎందుకంటే మన సైడు రూపాయిలకి కొక్కెం అతికించి మెళ్లో వేసుకునేవాళ్లు, ఆ అతుకు అరగదీసి అమ్మేస్తారు. మసకబారి నల్లగా ఉందని వదిలెయ్యొద్దు, తోమిన తెలుపు కన్నా అదే మేలు. అలాంటి కంపెనీ గ్రేడ్ చేసి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసిందయితే డబ్బా మీద నంబరు ఆ కంపెనీ సైట్లో కొట్టి చూసుకోండి, డబ్బాలు కూడా నకిలీవి వస్తన్నాయి.

మొన్న ఇంకో గ్రూపులో అదే ఫోటో మళ్లీ కనపడింది, 'జెమ్ యూఎన్సీ (యూఎన్సీలోనే మేలురకం), అర్జెంట్ సేల్' అని. అంచు మీద చిన్న నొక్కుతో సహా నా కాయినే. అదేమో మా ఇంట్లో బీరువాలో ఉంది.