1,500 ఫీజు, 20 నిమిషాల వీడియో: మా నాయన మెలనోమాకు సెకండ్ ఒపీనియన్

ఈ వీడియో డాక్టర్ సర్వీసుకు 5కి 4 స్టార్లు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

మా నాయనకు మడమ కింద నల్ల మచ్చ. ముల్లు విరిగి కమిలిందనుకుని రెండేళ్లు పట్టించుకోలేదు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలేసరికి ఊపిరితిత్తుల దాకా పాకింది. ఒంట్లో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు ఎక్కించినా గడ్డలు పెరిగాయి. అప్పుడే వాట్సాప్‌లో ఒకాయన తగిలాడు. రక్తం తీసి, రోగనిరోధక కణాలు పెంచి ఎక్కిస్తారంట, 6 లక్షలంట, అమెరికాలో అనుమతి ఉన్న వైద్యమేనంట. కోడుమూరు దగ్గర ఎకరా బేరం పెట్టేదాకా వచ్చాం. ఎందుకైనా మంచిదని ముందు ఈ హైదరాబాద్ వీడియో సర్వీసుకు డబ్బు కట్టా.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "కణాలు రక్తంలోంచి తీస్తామన్నారా, గడ్డలోంచా?"

2024 ఫిబ్రవరిలో అమెరికా మెలనోమాకు అనుమతించిన లైఫిలూసెల్ అనే కణ వైద్యానికి గడ్డే కావాలి, రక్తం కాదు. గడ్డ కోసి, అందులోకి దూరి అప్పటికే పోరాడుతున్న కణాలను ల్యాబ్‌లో వందల కోట్లకు పెంచుతారు. దానికే నెల దాటుతుంది. తర్వాత కీమోతో ఒంట్లో చోటు చేసి, ఆ కణాలు ఎక్కించి, వాటికి బలంగా ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందు ఇస్తారు.

నాయన అందుకున్నాడు: "మూల విత్తనం మనదే. వాళ్లు పెంచిస్తారు. కలుపు తీసి, చల్లి, యూరియా వేస్తారు. అంతేనా తల్లీ?"

"అంతే పెద్దాయనా. మీకు ఆ యూరియానే పడదు" అందామె. అది బీపీ పడగొడుతుంది, గుండె తట్టుకోవాలి. నాయనకు రెండు స్టెంట్లు, గుండె పంపింగ్ 35 శాతం. పైగా ట్రయల్‌లో 73 మందిలో గడ్డలు బాగా తగ్గింది 23 మందికేనంట. 2024లో అనుమతి వచ్చినప్పుడే మందు ఒక్కటే 5,15,000 డాలర్లు, అంటే 4 కోట్ల పైమాట. 2023లో మన దేశంలో అనుమతి వచ్చిన కార్-టి, అంటే రక్తంలోంచి తీసిన కణాలను మార్చి ఎక్కించే వైద్యం సంగతి అడిగితే, అది రక్త క్యాన్సర్లకమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపింది. నొప్పి మందులు మాత్రం డోసు మార్చి రాసింది. వారం తర్వాత నాయన రాత్రిళ్లు పడుకుంటున్నాడు.

ఫోన్ పెట్టగానే నాయన అన్న మాట: "ఎకరా అమ్మబాకు. శనగ వేయి."

ఇక ఆ స్టార్ సంగతి. పెట్ స్కాన్ సీడీ వాళ్ల యాప్‌లో ఎక్కదు. రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటర్‌లో మూడు గంటలు కూర్చున్నా. హెల్ప్‌లైన్ ఎత్తరు. స్కాన్ ముందే పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని పెట్టుకోండి.