మడ మొక్క నాటడమా, పోటు నీటికి దారి తవ్వడమా: ఏది మేలు?

పాడైన సముద్రతీరాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఎంతవుతుంది? 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన 2010 నాటి డాలర్లలో లెక్క కట్టింది. హెక్టారు పగడపు దిబ్బకు మధ్యస్థ ఖర్చు సుమారు లక్షా 65 వేల డాలర్లు, మడ అడవికి 9 వేలు. మడే చవక అనిపిస్తుంది. కానీ అదే పరిశీలనలో నాటిన మడ మొక్కల్లో దక్కినవి సుమారు సగమే, పగడాల్లో మూడింట రెండొంతుల దాకా దక్కాయి. అంటే మడ దగ్గర అసలు ఖర్చు మొక్కది కాదు, చచ్చిపోయిన మొక్కది. పది రూపాయల మొక్కలు వంద నాటితే పదే బతికాయనుకోండి, బతికిన ఒక్కోదాని ఖరీదు వంద రూపాయలు.

2004 సునామీ తర్వాత శ్రీలంకలో మడ నాటిన 23 చోట్లను పరిశోధకులు చూస్తే 9 చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదు. ఫిలిప్పీన్స్‌లో చాలాచోట్ల దక్కింది 10 నుంచి 20 శాతమే. మడ ఏనాడూ మొలవని పల్లపు బురదలో, కొన్ని మడ రకాలకు కాసే, బురదలో గుచ్చితే మొలిచే పొడవాటి కాయలను తేలికని గుచ్చుకుంటూ పోయారు.

మన కాకినాడ దగ్గరి కోరింగలో ఇంకో దారి పట్టారు. చెట్లు కొట్టేసిన చోట నేల గుంటపడి, పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు వెనక్కి పోక అక్కడే ఎండి, ఉప్పు పేరుకుపోయేది. అందులో ఏది నాటినా మాడిపోయేది. అందుకే ముందు ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వారు. పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లే. రోజూ పోటు నీళ్లు వచ్చి ఉప్పు కడుక్కుపోతుంటే, ఆ కాలవల పక్కనే తెల్లమడ లాంటివి నాటారు.

తవ్వకం కూలి ఎక్కువే, తర్వాత పూడిక తీయించడమూ ఉంటుంది. అయినా నా ఓటు దీనికే. మడ కొట్టేసి తవ్వి, తర్వాత వదిలేసిన రొయ్యల చెరువుల్లో ఇంకా చవక: సరైన చోట గట్టు తెంపితే, దగ్గర్లో తల్లిచెట్లుంటే, విత్తనాలు నీళ్లతోపాటే వస్తాయి. తల్లిచెట్లు లేనిచోట మాత్రం నాటక తప్పదు. అప్పుడైనా నాటేవాళ్లకు డబ్బంతా నాటిన రోజే ఇచ్చెయ్యకుండా, కొంత ఆపి, మూడో ఏడు నిలబడ్డ మొక్కలు లెక్కపెట్టాకే ఇవ్వాలి.