కౌచ్ టు 5కె: నల్లగొండలో ఏళ్లుగా పరుగెత్తుతూ రాస్తున్న సమీక్ష

పరుగు నేర్పే ప్రణాళికలు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. నేను పట్టుకున్నది కౌచ్ టు 5కె, అంటే సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు సుమారు అరగంట. అలవాటే లేని మనిషి చేత చివరికి అరగంట ఆగకుండా పరుగెత్తిస్తానంటుంది. నిజంగానే పరుగెత్తిస్తుంది. అది పూర్తయి ఏళ్లవుతున్నా నేను పరుగు మానలేదు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. నాకు నలభై దాటాయి. ఇల్లు, ఉద్యోగం రెండూ చూసుకోవాలి. బడిలో ఆటల పోటీలకు ఎప్పుడూ పేరిచ్చిన మనిషిని కాను. నాలాంటి వాళ్లు చదువుతారనే వివరంగా రాస్తున్నాను. మార్కులు ముందే చెప్పేస్తాను: ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో కింద చెప్తాను.

దీన్ని 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. యాభై దాటిన తన తల్లి కూడా చేయగలిగేలా ఉండాలని అనుకున్నాడట. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా దీన్ని జనానికి అందించింది. ఉచిత ఆప్‌లు చాలా ఉన్నాయి. ఆప్ లేకపోయినా ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే చాలు.

మొదటి వారం ఇలా ఉంటుంది. ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. చదువుతుంటే ఇంతేనా అనిపిస్తుంది. కిటుకంతా అందులోనే ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముకలు, వాటికి కండరాల్ని పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడాలంటే మాత్రం నెలలు పడుతుంది. దమ్ము సరిపోతోంది కదా అని దూరం పెంచేవాళ్లకు మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. చాలామంది మానేసేది అక్కడే. ఈ ప్రణాళికలో పరుగుకూ పరుగుకూ మధ్య ఒక రోజు విశ్రాంతి ఉంటుంది. ఆ రోజును కూడా పరుగు రోజంత శ్రద్ధగా పాటించాలి.

వేగం సంగతి. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. అంతకంటే వేగం వద్దు. నేను, మా ఆడబిడ్డ పొద్దున వంటలో ఏం చేయాలో మాట్లాడుకుంటూ పరుగెత్తేవాళ్లం. మాట తెగిపోతే వేగం తగ్గించేవాళ్లం. ఇంతకంటే మంచి కొలత నాకు ఏ వాచీలోనూ దొరకలేదు.

మేం వెళ్లేది ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు. తెల్లవారకముందే అక్కడ పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఉంటారు. అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఆ లెక్క కోసం వాళ్లు పడే కష్టం చూస్తే గౌరవం కలుగుతుంది. మునుగోడు వైపు నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని చదువుకుంటున్న ఒకమ్మాయి కొన్నాళ్లు నన్ను గమనించి, ఒకరోజు పక్కకొచ్చి చెప్పింది: "అక్కా, భుజాలు బిగబట్టి ఉరుకుతున్నవ్. పిడికిలి గట్టిగ పట్టకు. వేళ్ల నడుమ చింతాకు పట్టుకున్నట్టు ఉంచు, అది నలగొద్దు." అలాగే చేసి చూశాను. పిడికిలి వదులైతే మోచేతులు, భుజాలు, మెడ అన్నీ వరసగా వదులయ్యాయి. ఊపిరి లోపలిదాకా దిగింది. ఏ ఆప్ చెప్పని పాఠం అది.

ఇక ఐదో వారం. చేసినవాళ్లందరికీ గుర్తుండిపోయే వారం ఇదే. మొదటి రోజు ఐదేసి నిమిషాల పరుగు మూడుసార్లు. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు. మూడో రోజు ఒకేసారి 20 నిమిషాలు, మధ్యలో నడకే లేదు. ఆ ముందు రాత్రి నాకు పరీక్షల టెన్షన్‌లాంటి టెన్షన్. గ్రౌండ్ చుట్టూ తిరిగితే ఎన్ని చుట్లు అయ్యాయో లెక్కపెడుతూ కూర్చుంటానని, పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లాం. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు దానికి సాగర్ నీళ్లు వస్తాయి. కట్ట మీద ఒకవైపు నీళ్లు, మరోవైపు కింద పొలాలు.

మొదటి పది నిమిషాలు మనసు పదేపదే ఫోన్ వైపే పోయింది. కాళ్లు బరువు, నోరు ఎండిపోవడం, ఇంకెంతసేపు అన్న ప్రశ్న. ఆ తర్వాత ఎప్పుడో ఊపిరి సర్దుకుంది. మూడడుగులకు లోపలికి, మూడడుగులకు బయటికి. నేను ప్రయత్నించి చేసింది కాదు, దానంతటదే కుదిరింది. కాళ్ల కింద మట్టి చప్పుడు ఒకే లెక్కలో వినిపిస్తోంది. రేపటి పనులు, బడి ఫీజులు, ఆఫీసు ఫైళ్లు ఏవీ తలలో లేవు. ఫోన్ మోగి అయిపోయిందని చెప్పినప్పుడు ఆగబుద్ధి కాలేదు. అంతవరకూ బరువు కోసం, షుగర్ రాకుండా ఉండటం కోసం వెళ్లేదాన్ని. ఆ రోజు నుంచి పరుగు కోసమే వెళ్తున్నాను.

ఆరో వారంలో మళ్లీ నడక విరామాలు వస్తాయి. వెనక్కి పోయామేమో అని చాలామంది డీలా పడతారు. పెద్ద పరుగు తర్వాత శరీరానికి ఇచ్చే తెరిపి అది, వదిలేయకండి. ఐదో వారం దాటలేకపోతే అదే వారాన్ని మళ్లీ చేయండి, పోయేదేమీ లేదు. ఏడో వారం 25 నిమిషాలు, ఎనిమిదో వారం 28, తొమ్మిదో వారం 30.

మా అమ్మ మొదట్లో "మోకాళ్లు అరుగుతయి బిడ్డా" అని ఒకటే గొడవ. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లు ఇంతమాత్రం పరుగుకు అరిగిపోతాయనడానికి ఆధారం లేదని చెప్పినా వినలేదు. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వెన్ను వంగిపోయినవాళ్లను, కీళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేనివాళ్లను చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా చూశాను. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, ఆ తరం పడ్డ బాధ పడ్డదే. ఒకరోజు నేను పరుగు నుంచి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుంటుంటే అమ్మ చూసి, "ఉరుకు బిడ్డా. మా అమ్మకు వంగి చెంబు తీసుకునుడు సుత చేతకాకుండె" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. మంచి కాళ్లుండటం ఎంత అదృష్టమో మా జిల్లావాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. ఈ ప్రణాళికలో ఎండ గురించి ఒక్క ముక్క లేదు. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. వేడిలో పరుగెత్తితే శరీరం చల్లబడటానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకే చలికాలంలో సులువుగా వచ్చిన వేగం వేసవిలో రాదు. అది మీ లోపం కాదు. వేసవిలో మేం నాలుగున్నరకే బయల్దేరి పొద్దు పొడిచేలోపు ఇంటికొస్తాం. మూడో వారం పద్ధతి, అంటే 90 సెకన్లు, మూడు నిమిషాల పరుగులు, మధ్యలో అంతంతసేపే నడక, వేసవి మొత్తం దానితోనే నెట్టుకొస్తాం. వచ్చాక ఉప్పు వేసి, నకిరేకల్ నిమ్మకాయ పిండిన పలచటి మజ్జిగ. తల తిరిగినా, వికారంగా ఉన్నా, ఎండలో చలి పుట్టినట్టు అనిపించినా వెంటనే ఆగి నీడ చూసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దసరా తర్వాత మొదలుపెట్టండి. సంక్రాంతికి ముందే తొమ్మిది వారాలూ అయిపోతాయి, వాతావరణం కూడా కలిసొస్తుంది.

కుక్కల గురించి కూడా అది చెప్పదు. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడకండి. మనం ఉరికితేనే అదీ ఉరుకుతుంది.

ఆడవాళ్లకు రెండు మాటలు. మంచి స్పోర్ట్స్ బ్రా షూస్ కంటే ముందు కొనండి. వదులు టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. తోడు లేకుండా చీకట్లో ఖాళీ రోడ్డు మీదికి వద్దు, జనం తిరిగే గ్రౌండే మేలు. మొదట్లో చూపులు ఉంటాయి. నాలుగు రోజులు పోతే పాలు పోసే ఆయన కూడా "ఇయ్యాల ఆలస్యమైంది మేడమ్" అని అడిగేంతగా అలవాటైపోతుంది.

షూస్ మీద మరీ ఖర్చు అక్కర్లేదు, కానీ పరుగు కోసమే చేసినవి కొనాలి. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా అడుగున మెత్తదనం ఉంటుంది. వారానికి 12 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే ఒక జత ఏడాది వస్తుంది. పేరులో 5కె ఉంది కదా అని అరగంటలో అయిదు కిలోమీటర్లు అయిపోవాలనుకోకండి. అలా కావాలంటే కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. నా అరగంటకు నాలుగు కిలోమీటర్లు వస్తాయి, నాకు అవి చాలు. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

తొమ్మిది వారాలు అయ్యాక ఏం చేయాలో ఈ ప్రణాళిక చెప్పదు. చాలామంది పరుగు అక్కడితోనే ఆగిపోతుంది. మేం అదే మూడు రోజుల లెక్క ఉంచుకున్నాం. రెండు రోజులు అరగంట, ఆదివారం పానగల్లు కట్ట మీద కొంచెం ఎక్కువసేపు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. దాని మీద కన్నుంది. అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కాలి కాబట్టి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కే దారిలో అప్పుడప్పుడు సాధన చేస్తున్నాం. మంగళ, గురువారాలు పొద్దున ఐదింటికి మాత్రం గ్రౌండ్‌లోనే ఉంటాం. మొదటి వారం మొదలుపెట్టేవాళ్లు ఎవరున్నా రండి, ఆ 60 సెకన్లు మేమూ మీతో కలిసి ఉరుకుతాం.