మా గోశాల గోబర్ గ్యాస్ ప్లాంటు, ఏడేళ్లు వాడాక

కోనసీమలో అంబాజీపేట దగ్గర మా గోశాలలో రోజుకి 15 ఘనపు మీటర్ల గ్యాసిచ్చే సైజు గోబర్ గ్యాస్ ప్లాంటు పెట్టి ఏడేళ్లయిందండి, పెడదామనుకునేవాళ్లు అడుగుతున్నారని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. ఆవుకి రోజుకి 10 కిలోల పేడ, మాకు 40 ఆవులు, ఘనపు మీటరు గ్యాసుకి 25 కిలోలు చాలు కదా అని లెక్కేసి పెద్దదే కట్టించేశాం. కానీ గోశాలకొచ్చేవి పాడి ఆవులు కాదు కదండి, వట్టిపోయినవి, ముసలివి, ఎండుగడ్డి మీద బతికేవి, పైగా పగలు గట్ల మీద మేతకెళ్తే ఆ పేడ అక్కడే పోద్ది. కాటా వేస్తే చేతికొచ్చేది 200 కిలోలే. కట్టేముందు పదిరోజులు పేడ తూచి చూసుకోండి, తలకాయలు లెక్కెట్టొద్దు.

ఇంకోటి మన నేల. కాలవలకి నీళ్లు ఆపేశాక వేసవిలో తవ్వినా ఐదడుగులకే నీరు ఊరింది. అందుకే పూర్తిగా భూమిలో ఉండే డోము రకం మానేసి, పైకి తేలే ఫైబరు డ్రమ్ము రకం సగం నేలపైకి ఉండేలా కట్టాం. డ్రమ్ముకి తుప్పు బాధ లేదు, కానీ పేడ కలిపే తొట్టి ఎత్తులో పడింది, రోజూ తట్టలు మోసుకుంటూ మెట్లెక్కాలి, ఆ పని చేసే మనిషి నడుం పడిపోతోంది.

గ్యాసు మాత్రం బాగుంది. రోజుకి 8 ఘనపు మీటర్లు, అంటే నాలుగు రోజులకో సిలిండరు మిగిలినట్టే, ఉలవలు ఉడకబెట్టడం, పనివాళ్ల వంట అంతా దీనిమీదే. మొదట్లో వచ్చే గ్యాసు అంటుకోదు, కంగారుపడకుండా వదిలెయ్యాలి. వానాకాలం పైపులో నీరు చేరి మంట కొట్టుకుంటది, అప్పుడప్పుడూ ఆ నీరు తియ్యాలి. ఓసారి పాక ఫినాయిలుతో కడిగిన నీళ్లు తొట్లోకెళ్లాయి, ఇరవై రోజులు గ్యాసు లేదు, లోపలున్న సూక్ష్మజీవులు చచ్చిపోయాయన్నమాట.

అసలు నాకు బాగా నచ్చింది స్లర్రీ అండి, అంటే గ్యాసు పోయాక ప్లాంటులోంచి బయటికొచ్చే పల్చటి పేడ. ఇదివరకు పాక వెనక పేడ పోగు తవ్వితే చుట్టచుట్టుకున్న తెల్లటి లావు పురుగులు కనపడేవి, అవే పెద్దయి కొమ్ము పురుగులై కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి, ఆకు కత్తెరతో కోసినట్టు విచ్చుకుంటది. ఇప్పుడు పచ్చి పేడ పోగే లేదు కాబట్టి మా దగ్గర గుడ్లు పెట్టే చోటు లేదు. పక్క తోటల నుంచి వచ్చేవి వస్తాయి, అయినా ముందుకంటే చాలా తక్కువ. స్లర్రీకి ఈగలూ వాసనా తక్కువే, కొబ్బరి పాదుల్లో పోస్తున్నాం, మిగిలింది చుట్టుపక్కల రైతులు నారుమళ్లకి పట్టుకెళ్తున్నారు.

మళ్లీ పెట్టాల్సొస్తే 8 ఘనపు మీటర్లదే పెడతాను, మిగిలిన డబ్బుతో పేడ నీళ్లు పైకి ఎక్కించడానికి బురద పంపు కొంటాను.