వాట్సాప్ గ్రూపా, మెయిల్ గ్రూపా? శాసనాల ముచ్చటకు ఏది మేలు?

ఆదివారం వస్తే హన్మకొండ నుంచి బైకుల మీద చుట్టుపక్కల ఊళ్లకు పోయి పాత గుళ్లు, మెట్లబావులు, శాసనాలు చూసొచ్చే బృందం మాది. మాటామంతీ అంతా వాట్సాప్‌లోనే. పోయిన నెల కొత్తగా చేరిన చెల్లె ఒకామె చెరువుకట్ట పక్కన పడి ఉన్న రాయి ఫొటో పెట్టి, "అన్నా, దీన్ని ఇంతకుముందు ఎవరైనా చదివారా?" అని అడిగింది.

చదివాం. నాలుగేళ్ల కింద నలుగురం వారం పాటు ఒక్కో పంక్తి పట్టుకుని, తప్పులు దిద్దుకుంటూ చదివాం. కానీ అదంతా ఇప్పుడు ఎక్కడుంది? ఒకరు ఫోన్ మార్చారు, ఇంకొకరు స్టోరేజ్ నిండిందని చాట్ మొత్తం తీసేశారు, నా దగ్గర మిగిలిన ఫొటో పంపేటప్పుడే సైజు తగ్గిపోయి 'మ' ఏదో 'య' ఏదో తెలియకుండా ఉంది. చాలా బాధనిపించింది.

అందుకే మెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. ఇదేం కొత్త పద్ధతి కాదు, ఈ పని చేసే లిస్ట్‌సెర్వ్ అనే సాఫ్ట్‌వేర్ 1986లోనే వచ్చింది. ఒక్క అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ చేరుతుంది. సబ్జెక్టులో ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాస్తే జవాబులన్నీ దాని కిందే పేరుకుంటాయి, బతుకమ్మ శుభాకాంక్షల మధ్య కొట్టుకుపోవు. రేపు చేరేవాళ్లు కూడా పాతవి వెతుక్కుని చదువుకోవచ్చు. ఫోన్ నంబరు అందరికీ తెలియాల్సిన పని లేదు, ఆడపిల్లలకు ఇది చిన్న విషయం కాదు. మెయిల్స్ ఎక్కువైతే రోజుకు ఒకటే కట్టగా వచ్చేలా పెట్టుకోవచ్చు.

మరి మెయిల్ గ్రూపు నడిపే కంపెనీయే దుకాణం మూసేస్తే? యాహూ కంపెనీ నడిపిన మెయిల్ గ్రూపులు, అంటే యాహూ గ్రూప్స్, 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడ్డాయి, వాటిలోని పాత నిల్వలు అంతకుముందే తీసేశారు. అయితే వచ్చిన మెయిల్స్ దాచుకున్నవాళ్ల ఇన్‌బాక్సుల్లో ఆ ఉత్తరాలు అట్లనే ఉన్నాయి. ప్రతి సభ్యుడి దగ్గరా ఒక కాపీ ఉండటం, నా లెక్కలో, దీనికున్న అసలు బలం.

వాట్సాప్‌ను వదిలెయ్యమని కాదు. "పొద్దున ఆరింటికి వేయిస్తంభాల గుడి దగ్గర కలుద్దాం" అనడానికి, దారి తప్పినవాళ్లకు లొకేషన్ పంపడానికి దాన్ని మించింది లేదు. మెయిల్ తెరిచే అలవాటు లేని పెద్దమనుషులు తమ ఊరి చెరువు కథ వాయిస్ మెసేజ్‌లో చెప్తారు, అది విని టైపు చేసి మెయిల్‌లో పెట్టే బాధ్యత మనం తీసుకోవాలి. టెలిగ్రామ్‌లో వెతుకులాట సులువే గానీ నాలుగు రాళ్ల ముచ్చట్లు ఒకే చాట్‌లో ఒకేసారి నడిస్తే కలగాపులగం అవుతుంది.

మొన్న ఆ రాయి దగ్గరికి మళ్లీ పోయాం. అక్షరాల మీద సుద్దపొడి అద్ది, ఏటవాలు ఎండలో ఫొటోలు తీసి, సైజు తగ్గించకుండా మెయిల్‌కు జోడించాం. ఏడో పంక్తిలో ఒక అక్షరం ఇంకా తేలలేదు. ఆ చెల్లె 'మ' అంటోంది, నేను 'య' అని రాశాను, రెండూ అక్కడే పక్కపక్కనే ఉన్నాయి.