రెండేళ్ళుగా టియో: ఊడిపోయిన పోర్టు కోసం కాచుక్కూర్చుంటుంది

టియో (tio) అంటే సీరియల్ పోర్టు, అంటే కేబుల్ మీద బోర్డు పంపే లైన్లు, చూపించి ఫైల్లో రాసిపెట్టే చిన్న లినక్స్ ప్రోగ్రాం. ఆ పోర్టు ఎలా ఓపెన్ చెయ్యాలో, డయలౌట్ గ్రూపు (పోర్టు వాడటానికి కావాల్సిన పర్మిషన్) గొడవేంటో అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నేను టియోకి పడిపోయింది ఒక్కదానికే, యూఎస్బీ ఊడితే చావదు, మళ్ళీ వచ్చేదాకా కూర్చుంటుంది.

భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు మీద ఈఎస్పీ32 (చిన్న కంట్రోలర్ బోర్డు) పెట్టి ఆక్సిజన్ రీడింగులు తీస్తున్నాం, షెడ్డులో రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్) ఉంటుంది, దానికి చిన్న యూపీఎస్ కూడా ఉంది. ముందు పికోకామ్ అని టియో లాంటిదే ఇంకో ప్రోగ్రాం వాడేవాణ్ణి, మంచిదే, కానీ రోజూ పొద్దున చూస్తే రాత్రి ఎప్పుడో లాగ్ (రీడింగులు రాసుకునే ఫైలు) ఆగిపోయి ఉండేది, లైన్ల మీద టైము లేదు కాబట్టి ఎప్పుడు ఆగిందో కూడా తెలీదు. బోర్డు హ్యాంగ్ అవుతోందనుకుని కోడ్ రెండుసార్లు తిరగరాశా, బోర్డు కూడా మార్చా. వేస్ట్.

టియో పెట్టి టైమ్‌స్టాంప్ ఆన్ చేసిన మొదటి రాత్రే దొరికేసింది. 23:41 కి లైన్లు ఆగాయి, మూడు సెకన్ల గ్యాప్, తర్వాత పవరాన్ రీసెట్ అని బూట్ మెసేజ్, మళ్ళీ రీడింగులు మామూలే. అంటే హ్యాంగ్ కాదు, కరెంటే పోతోంది. బాబాయికి ఫోన్ చేస్తే "ఆ టైముకే కదరా ఏరేటర్లన్నీ ఒక్కసారే ఏసేది" అన్నాడు! మోటార్లు లాగేసరికి వోల్టేజ్ పడి, బోర్డు తగిలించిన యూఎస్బీ హబ్ అడాప్టర్ చేతులెత్తేస్తోంది, రాస్‌బెర్రీ పైకి యూపీఎస్ పెట్టాను గానీ హబ్ సంగతి ఎవడు ఆలోచించాడు. హబ్ పోగానే పోర్టు మాయం, పికోకామ్ ఎగ్జిట్, అదీ కథ.

అంత పొగిడాను గానీ ఒక దెబ్బ కూడా తిన్నా. లాగ్ ఫైలుకి మనం పేరు ఇచ్చామా, టియో మళ్ళీ స్టార్ట్ అయినప్పుడు పాతది చెరిపేసి రాస్తుంది, లాగ్-అపెండ్ (పాతదాని చివర కలుపు) అని విడిగా చెప్పాలట. రాస్‌బెర్రీ పై ఒకసారి రీస్టార్ట్ అయి 19 రోజుల రీడింగులు గంగలో కలిశాయి. పేరు ఇవ్వకుండా వదిలేస్తే తేదీతో అదే కొత్త ఫైలు పెట్టుకుంటుంది, నాకే తెలివెక్కువైంది. ఇంకోటి, మామూలు టైమ్‌స్టాంప్‌లో టైమే ఉంటుంది, తేదీ ఉండదు, రోజుల తరబడి నడిపేవాళ్ళు తేదీ, టైము రెండూ చూపించే ఐఎస్ఓ8601 ఫార్మాట్ పెట్టుకోండి.

నాది ఒకటే పోర్టు, 115200 స్పీడు, మామూలు టెక్స్ట్ లైన్లు, దానికి నాకు ఇది చాలు. పది పోర్టులు పెట్టి బైనరీ డేటా తీసేవాళ్ళ సంగతి వేరే. బోర్డు టేబుల్ మీదే పెట్టుకుని పది నిమిషాలు చూసుకునే పనైతే పికోకామ్ కూడా ఏం తక్కువ కాదు, నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ అదే ఉంది.